జీఏడీ-7 ఫారం: ఏడు ప్రశ్నల జల్లెడ

"మామూలు టెన్షనేలే" అని ఊరుకోవాలా, డాక్టరు దగ్గరికి వెళ్లాలా అన్నది తేలనప్పుడు నింపి చూసుకోవాల్సిన ఫారం ఈ జీఏడీ-7, అంటే ఆందోళన ఏ స్థాయిలో ఉందో చూసే ప్రశ్నల పట్టిక. 2006లో వచ్చింది. ఒక్క పేజీ, ఉచితం.

గత రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని దిగులు, ప్రతిదానికీ బెంగ, స్థిమితం లేకపోవడం, ఒకచోట కూర్చోలేకపోవడం, చిరాకు, ఏదో కీడు జరగబోతోందన్న భయం ఎన్ని రోజులున్నాయని అడుగుతుంది. అస్సలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి మించితే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 21కి 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. 15 నుంచి తీవ్రం కింద లెక్క.

చాలామంది పొరబడేది అంకె వేయడంలోనే. బాధ ఎంత గట్టిగా ఉందో చూసి వేసేస్తారు, ఫారానికి కావలసింది రోజుల లెక్క. ఇంటర్ లెక్కల పరీక్ష ముందు రాత్రి కంటి మీద కునుకు లేకుండా కంగారుపడ్డా, పద్నాలుగు రోజుల్లో అలాంటివి రెండు మూడే అయితే అక్కడ వేయాల్సింది 1.

ఇక పెద్ద లోటు: కారణం అడగదు. పరీక్షల వారంలో ఎవరికైనా 12 రావచ్చు. అందుకే అంకె పక్కన తేదీ, అప్పుడు నెత్తిన ఉన్న పని రాసిపెట్టి, ఆ పని గడిచిన నెలకు మళ్లీ నింపండి. 4కి దిగితే చాలావరకు అది ఒత్తిడే. పరీక్షలయ్యాక ఫలితాలు, ఆపైన సీటు, ఆపైన అమ్మ ఆరోగ్యం అంటూ దిగులు కొమ్మ మారుతూ, అంకె మాత్రం కదలకపోతే ఆందోళన రుగ్మతను అనుమానించాలి. దీర్ఘకాలిక ఆందోళన రుగ్మత అని నిర్ధారించడానికి డాక్టర్లు కనీసం ఆరు నెలల తీరు చూస్తారు. రెండు వారాల ఫారం ఆ పని చేయలేదు.

గుండె దడ, కడుపులో తిప్పడం, ఆయాసం గురించి ఒక్క ప్రశ్నా లేదు. మనవాళ్లు డాక్టరుకు ముందు చెప్పుకునేవి అవే కదా! అవి పదేపదే వస్తుంటే 6 వచ్చినా వెళ్లండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది, రక్తపరీక్షలో తెలిసిపోతుంది.

చనిపోవాలన్న ఆలోచన గురించి కూడా ఈ ఫారం అడగదు. అది ఉంటే లెక్కలు పక్కనపెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.