రంజాన్ నెలలో "డ్రింక్స్ ఫ్రీ" గల్ఫ్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

రంజాన్ నెలలో గల్ఫ్ టూర్ ప్యాకేజీలు చాలా చవగ్గా వస్తాయి. ఫైవ్ స్టార్ హోటల్ కూడా అందుబాటు రేటుకే దొరుకుతుంది. ఎందుకు తగ్గిందని ఏజెంటు తనంతట తాను చెప్పడు. ఆ తగ్గిన రేటులో "రోజుకి రెండు డ్రింక్స్ ఫ్రీ" అనే లైను కూడా కనబడితే ఆగండి. మాకు ఖతార్ రాజధాని దోహా ప్యాకేజీ ఇలాగే అంటగట్టారు.

ఏజెంటు మా ఊరివాడే, పేరు రాయను. "అన్నా, బార్ హోటల్ కిందే, లిఫ్ట్ దిగితే చాలు" అన్నాడు. రంజాన్ కదా, ఇబ్బందేమైనా ఉంటుందా అని మా బావ ఫోన్‌లో సూటిగా అడిగాడు. "పగలు కాస్త జాగ్రత్తగా ఉండండి, ఇఫ్తార్ తర్వాత అంతా మామూలే" అని జవాబు. నమ్మకపోవడానికి మాకు కారణం కనబడలేదు. హైదరాబాద్‌లో రంజాన్ నెలంతా ఒకపక్క హలీమ్ బట్టీలు వెలుగుతుంటాయి, ఇంకోపక్క వైన్ షాపులు ఎప్పట్లాగే నడుస్తుంటాయి. అక్కడా అంతే అనుకున్నాం.

ఖతార్‌లో అలా కాదు. రంజాన్ నెల మొత్తం, పగలే కాదు రాత్రి కూడా, హోటల్ బార్లలో మద్యం పోయరు. రిసెప్షన్‌లో ఉన్న మలయాళీ కుర్రాడు మా వోచరు చూసి, "సార్, ఈ నెలలో దేశం మొత్తం బంద్, మీ ఏజెంట్‌కి ఇది తెలుసు" అన్నాడు. బార్ తలుపుకి తాళం. ఫ్రీ డ్రింక్స్ బదులు జ్యూస్ కూపన్లు ఇచ్చారు. నలభై దాటిన నలుగురు మగాళ్లం పుచ్చకాయ జ్యూస్ పట్టుకుని లాబీలో కూర్చున్నాం, ఏం చేస్తాం!

షాపులో కొనుక్కోవచ్చు కదా అంటారేమో. అక్కడ మందు అమ్మే దుకాణాలు క్యూడీసీ అనే ఒక్క సంస్థవే. పర్మిట్ ఉన్న అక్కడి నివాసులకే అమ్ముతారు, టూరిస్టుకి ఇవ్వరు. రంజాన్‌లో అవి కూడా మూతే. ఇంకో దెబ్బ, శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో బాటిల్ కొనుక్కుని వెళ్లమన్న సలహా. అదీ ఆ ఏజెంటుదే. ఖతార్‌లోకి ప్రయాణికులు మద్యం తీసుకురాకూడదు, ఏ నెలలోనైనా సరే. దోహాలో దిగాక బ్యాగులు స్కాన్ చేస్తారు. మా బాటిల్ అక్కడే దొరికింది, అక్కడే పోయింది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. హోటల్ బయట ఒకతను దగ్గరికొచ్చి హిందీలో "బాటిల్ కావాలా?" అని అడిగాడు. ఎంత దాహంగా ఉన్నా ఇలాంటివాళ్ల జోలికి వెళ్లకండి. దొంగ సరుకు కొన్నా నేరమే. అక్కడ కేసు పడితే విమానం టికెట్టు గురించి ఆలోచించే పరిస్థితి కూడా ఉండదు. పగటిపూట వీధిలో మంచినీళ్లు తాగినా తప్పే, అది కూడా గుర్తుంచుకోండి.

గల్ఫ్ అంతా ఒకేలా ఉండదు, మోసం జరిగేది అక్కడే. దుబాయ్‌లో లైసెన్సున్న హోటళ్లు, బార్లు రంజాన్‌లో కూడా పోస్తాయి. 2016 నుంచి పగలు కూడా వీలుంది. కాకపోతే సంగీతం, డాన్సు హడావుడి తగ్గుతుంది. 2025 జనవరి నుంచి మద్యం మీద 30 శాతం పన్ను మళ్లీ వేశారు కాబట్టి బిల్లు చూసి గుండె పట్టుకోకండి. ఒమన్‌లో బార్లు మూసేస్తారు, హోటల్లో దిగినవాళ్లకి గదికి తెచ్చిస్తారు. వారాంతం వస్తే సౌదీ నుంచి జనం కార్లేసుకుని వచ్చే బహ్రెయిన్‌లోనూ ఆ నెల బార్లు మూతే. ఇక సౌదీ, కువైట్‌లలో టూరిస్టుకి ఏ నెలలోనూ ఆశ లేదు. ఇన్ని తేడాలున్నా అన్ని దేశాలకీ ఒకే బ్రోచరు, ఒకే "డ్రింక్స్ ఫ్రీ" లైను అచ్చు వేస్తారు.

"దుబాయ్ ప్యాకేజీ" అని కొన్నా సరే, హోటల్ అడ్రసు చూడండి. చవక ప్యాకేజీల్లో చాలావాటికి బస దుబాయ్ పక్కనున్న షార్జాలో ఉంటుంది. షార్జాలో ఏడాది పొడవునా మద్యం అమ్మరు, తాగనివ్వరు. దుబాయ్‌లో కొన్న బాటిల్ ట్యాక్సీలో పెట్టుకుని షార్జా హోటల్‌కి వెళ్లడం కొరివితో తల గోక్కోవడమే.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2026లో ఖతార్‌లో ఫిబ్రవరి 18న మొదలైంది, 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో వస్తుంది. ఆ తేదీల్లో వెళ్తుంటే ఏజెంటు మాట వదిలేసి, హోటల్‌కే మెయిల్ పెట్టండి. ఫలానా తేదీల్లో మీ బార్ తెరిచి ఉంటుందా, గదికి పంపుతారా అని అడగండి. జవాబు వచ్చాకే అడ్వాన్సు కట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకి విలువ లేదు, వాట్సాప్‌లో రాయించుకోండి.

మా బావ అడిగింది ఫోన్‌లోనే అయినా, "రోజుకి రెండు డ్రింక్స్" అన్న బ్రోచరు వాట్సాప్‌లోనే వచ్చింది. దాన్ని పట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఏజెంటు ప్రస్తుతానికి "వచ్చే ట్రిప్‌లో డిస్కౌంట్ ఇస్తా అన్నా" అంటున్నాడు. మాకు డిస్కౌంట్ వద్దు, డబ్బు వెనక్కి కావాలి అని చెప్పాం.