గోడకు బూజు: కడగాలా, రంగు వేయించాలా?

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అద్దె ఫ్లాట్లలో బీరువా వెనక గోడ నల్లబడేదీ అప్పుడే. ఓనరుకు చెబితే "రంగు వేయిస్తాలేమ్మా" అంటారు.

రంగు చూడ్డానికి బాగుంటుంది. కానీ చెమ్మ ఆరని గోడకు, బూజు మీదే పూస్తే నిలవదు. లోపలి తేమ బయటికి రావాలి కదా, రంగు ఉబ్బి పెచ్చులుగా ఊడిపోతుంది.

కడగడం చవక. సర్ఫు నీళ్లతో తుడిచి, పలచటి బ్లీచింగ్ నీళ్లు రాసి, కాసేపాగి కడిగి ఆరబెట్టాలి. మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తీసి ఉంచండి. బ్లీచింగ్‌లో వెనిగర్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ దయచేసి కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ పని జరిగేటప్పుడు వాళ్లను దూరంగా ఉంచాలి.

నా ఓటు ముందు కడగడానికే. అయితే చెమ్మ ఆగకపోతే బూజు మళ్లీ వస్తుంది. మచ్చ సీలింగ్ దగ్గరుంటే పైఇంటి బాత్రూమో, డాబా పగులో చూడాలి. నేల దగ్గర తెల్లటి ఉప్పు పొంగితే తేమ కిందనుంచి ఎక్కుతున్నట్టు. బీరువా వెనక మాత్రమే ఉంటే దాన్ని గోడకు జానెడు దూరం జరపండి. లీకు ఉంటే ఫొటోలు ఓనరుకు వాట్సాప్‌లో పంపి, ముందు అది బాగుచేయించమనండి. రంగు సంగతి సంక్రాంతి దాటి, గోడ పూర్తిగా ఆరాక.