ఆభాతో వైద్య రికార్డులు పంచుకోవడం: రాని రిపోర్టు సంగతి ఎవరు చెప్పాలి?

మా నాన్నగారి వైద్యం కోసం అనంతపురానికీ బెంగళూరుకూ మధ్య కొంతకాలంగా, వైద్య రికార్డులను కంప్యూటరు ద్వారా పంచుకునే ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) సేవను వాడుతున్నాం. ఆయనకు 68 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది, ఇప్పుడు మూత్రపిండాల పనితీరు కూడా తగ్గుతోంది. రక్తపరీక్షలు ఊళ్లోనే చేయించుకుంటారు, కిడ్నీ డాక్టరుకు మాత్రం మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో చూపించుకుంటారు. రాయలసీమ నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చే కుటుంబాలన్నీ ఇలాగే నెట్టుకొస్తున్నాయి. పాత రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, డాక్టరు అడిగిన కాగితం అందులో దొరుకుతుందో లేదోనన్న దిగులుతో ఓపీలో కూర్చునే పెద్దవాళ్లు ఈ నగరంలో ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా కనబడతారు. ఆ కవరు అవసరాన్ని ఈ సేవ ఎంతవరకు తగ్గించగలదన్నదే ఈ సమీక్షలో నేను చూసిన విషయం.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2020 ఆగస్టు 15న ప్రకటించి, ముందు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం ఈ ఆభా. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. ప్రతి వ్యక్తికీ 14 అంకెల సంఖ్య, దానితో పాటు ఈమెయిలు చిరునామాలా కనిపించే ఒక ఆభా చిరునామా ఇస్తారు. మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఎక్కడో ఒకచోట పోగుపడతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఏ ల్యాబు రిపోర్టు ఆ ల్యాబు దగ్గరే, ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. మధ్యలో ఉండి అభ్యర్థనలను చేరవేసే గేట్‌వే అనే వ్యవస్థకు తెలిసేది ఫలానావారి రికార్డు ఫలానాచోట ఉందన్న సంగతి, దాన్ని చూడటానికి రోగి ఎవరికి అనుమతిచ్చాడన్న సంగతి మాత్రమే. అనుమతి ఉన్నప్పుడు రికార్డు ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు వెబ్ సర్వీసుల ద్వారా, తీసుకునేవారు తప్ప మరెవరూ చదవలేని రూపంలో వెళుతుంది. ఈ నిర్మాణం సరైనదని నా అభిప్రాయం. కోట్లమంది జబ్బుల వివరాలను ఒకేచోట కుప్పపోయడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

రిసెప్షను దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, వయసు, ఫోను నంబరు వంటి వివరాలు కౌంటరుకు చేరి టోకెన్ నంబరు వచ్చే సదుపాయం చక్కగా పనిచేస్తోంది. అయితే అది వరుసలో నిలబడే సమయాన్ని తగ్గించే ఏర్పాటే గానీ వైద్యానికి నేరుగా సంబంధించింది కాదు కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

అసలు పని రికార్డులను జతచేసుకోవడంతో మొదలవుతుంది. ఆభా యాప్‌లో ల్యాబు పేరు వెతికి అడిగితే, మన ఫోను నంబరు, పేరు, స్త్రీయా పురుషుడా, పుట్టిన సంవత్సరం వంటి వివరాలను ఆ ల్యాబు తన దగ్గరున్న వాటితో పోల్చి చూసి, సరిపోతే ఓటీపీ పంపి, ఆ తరువాతే రికార్డును మన ఆభాకు కలుపుతుంది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ల్యాబు కౌంటరులో పొడి అక్షరంతో సరిపెడతారు. పుట్టిన సంవత్సరం అడగకుండా ముఖం చూసి వయసు వేసేవారూ ఉన్నారు. పైగా తల్లిదండ్రుల పరీక్షలకు కొడుకో కూతురో తమ ఫోను నంబరు ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. ఊళ్లో ఒక ల్యాబులో నాన్నగారి రికార్డులు మా తమ్ముడి నంబరు మీద ఉండిపోవడంతో ఎంత వెతికినా దొరకలేదు. నంబరు మార్పించిన వెంటనే అన్నీ వరుసగా వచ్చి చేరాయి. పరీక్ష చేయించుకునే రోజే ఆభా నంబరు చెప్పి రాయించుకుంటే ఈ వెతుకులాట ఉండదు.

అనుమతి ఇచ్చే తీరు ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది. డాక్టరు కోరినప్పుడు ఫోనుకు ఒక అభ్యర్థన వస్తుంది. రికార్డు ఎందుకు కావాలి, ఏ రకం రికార్డులు కావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. మందుల చీటీలు, ల్యాబు రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు, టీకాల వివరాలు వేటికవే వేరుగా ఉంటాయి కాబట్టి కొన్నిటికి అనుమతిచ్చి కొన్నిటిని ఆపవచ్చు, ఇచ్చిన అనుమతిని తరువాత వెనక్కి తీసుకోనూవచ్చు. తీసుకున్న సమాచారాన్ని ఎప్పటికల్లా చెరిపేయాలో కూడా ఆ అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది. కాగితాల కవరు చేతికిచ్చినప్పుడు ఈ నియంత్రణ ఏదీ మనకు లేదు. అందులో ఉన్నదంతా అందరూ చూసేవారు.

ఇక నమ్మకం సంగతి. ఒకసారి కిడ్నీ డాక్టరుగారు అనుమతి తీసుకుని నాన్నగారి రికార్డులు తన కంప్యూటరులో తెరిచారు. తేదీలవారీగా వరుస కనిపించింది. పైన ఉన్న రిపోర్టులో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థం) 1.5 ఉంది. దాన్ని బట్టి లెక్కవేస్తే మూత్రపిండాల వడపోత సామర్థ్యం 50 దగ్గర వస్తుంది కనుక షుగరుకు వాడుతున్న మెట్‌ఫార్మిన్ అలాగే కొనసాగించవచ్చని ఆయన చీటీ రాయబోయారు. పక్కనే కూర్చున్న అమ్మ, "డాక్టరుగారూ, పోయిన వారం ఇంకోటి తీయించామండీ" అంటూ చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. అందులో క్రియాటినిన్ 1.9 ఉంది. అంటే వడపోత సామర్థ్యం 38 దగ్గరికి పడిపోయింది. అది 45 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదును తిరిగి ఆలోచించాలి, 30 కన్నా తగ్గితే ఆ మందు వాడకూడదు. డాక్టరుగారు వెంటనే మోతాదు సగానికి తగ్గించి, కొన్ని వారాల్లో మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

ఆ రిపోర్టు మా ఆభాకు జతయ్యే ఉంది, అనుమతిలోనూ ఉంది. మరి డాక్టరు తెర మీదికి ఎందుకు రాలేదో ఆసుపత్రి రికార్డుల విభాగంవారు ఓపికగా చూసి చెప్పారు. రికార్డు కావాలని అడిగినప్పుడు ఆ ల్యాబు సర్వరు అభ్యర్థన అందిందని బదులిచ్చింది, ఆ తరువాత పంపవలసిన సమాచారం మాత్రం పంపలేదు. ఈ వ్యవస్థలో అడగడం, ఇవ్వడం ఒకే సంభాషణలో జరిగిపోవు. అడిగిన వెంటనే వచ్చేది అభ్యర్థన చేరిందన్న జవాబు మాత్రమే, అసలు సమాచారం ఆ తరువాత, అడిగినవారు ఇచ్చిన చిరునామాకు విడిగా వస్తుంది. ఎన్నో ఆసుపత్రులు, ఎన్నో రకాల సాఫ్ట్‌వేర్లు, వాటి వేగాలు కలిసి నడవాలంటే ఇలా ఉండక తప్పదని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ రెండింటి మధ్య ఖాళీలో ఒక రిపోర్టు ఆగిపోతే ఆ సంగతి ఎవరో ఒకరు డాక్టరుకు చెప్పాలి కదా. రిజిస్టరు పోస్టుకు జతచేసిన అక్నాలెడ్జిమెంటు కార్డు సంతకంతో తిరిగి రాకపోతే ఉత్తరం చేరలేదేమోనని మనం విచారించేవాళ్లం. ఇక్కడ ఆ విచారించవలసిన మనిషికి, ఒక ఉత్తరం రావలసి ఉందన్న సంగతే తెలియలేదు.

విచారకరమైన విషయం ఏమిటంటే, ఈ సమాచారం వ్యవస్థలో లేకపోలేదు. పంపినవారు, అందుకున్నవారు ఇద్దరూ ఏ రికార్డు చేరింది, ఏది విఫలమైంది అన్నది రికార్డులవారీగా గేట్‌వేకు తెలియజేయాలని ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ నిబంధనల్లోనే ఏర్పాటు ఉంది. అడిగినవి ఎన్ని, వచ్చినవి ఎన్ని అన్న లెక్క ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేరుకు తెలియాలి. డాక్టరు ముందున్న తెర మాత్రం వచ్చినవాటినే వరుసగా చూపి ఊరుకుంది. ఫలానా ల్యాబు నుంచి ఒక రిపోర్టు ఇంకా రాలేదని ఎర్రక్షరాల్లో ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆయనే అడిగేవారు. లేని రిపోర్టూ రాని రిపోర్టూ తెర మీద ఒకేలా కనిపించడమే ఈ సేవలోని లోపాలన్నిటిలోకీ ప్రమాదకరమైనది. అమ్మ పక్కన లేకపోయినా, ఆ కాగితం ఇంట్లో ఉండిపోయినా ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. రికార్డుల సాఫ్ట్‌వేరు కొనే ప్రతి ఆసుపత్రీ, నర్సింగ్ హోమూ అమ్మకందారును మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

రాని రికార్డును సాఫ్ట్‌వేరు తనంతట తానే మళ్లీ అడగాలి. అలా అడిగినప్పుడు ఒకే రిపోర్టు రెండుసార్లు వచ్చినా దాన్ని ఒకటిగానే గుర్తించగలగాలి, లేకపోతే ఒకే పరీక్షను రెండుసార్లు చేయించినట్టు కనిపించి డాక్టరు తికమకపడతారు. ప్రతి రికార్డుకూ మారని గుర్తింపు సంఖ్య ఉంటే ఇది పెద్ద కష్టమైన పని కాదు.

వచ్చిన రికార్డు ఏ రూపంలో వచ్చిందన్నదీ ముఖ్యమే. ఈ మిషన్ ఎంచుకున్నది ప్రపంచంలో చాలా దేశాలు వాడుతున్న ఫైర్ అనే ప్రమాణం. దాని ప్రకారం క్రియాటినిన్ విలువ ఒక అంకెగా, పక్కన కొలమానంతో, ఆ పరీక్షను సూచించే లోయింక్ సంకేతంతో విడివిడిగా వస్తుంది. అలా వస్తే ఏడాది విలువలను ఒక గీతగా గీసి చూపించవచ్చు, ఒక ల్యాబు మిల్లీగ్రాముల్లో, మరొకటి మైక్రోమోల్స్‌లో ఇచ్చినా పొరపాటు రాదు. క్రియాటినిన్ విషయంలో డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే లీటరుకు 88.4 మైక్రోమోల్స్‌కు సమానం కాబట్టి కొలమానం లేని అంకెను నమ్మడానికి వీల్లేదు. కానీ అదే ప్రమాణంలో పీడీఎఫ్‌ను యథాతథంగా జతచేసి పంపడానికీ అవకాశం ఉంది, చిన్న ల్యాబులు ఆ దారే పడుతున్నాయి. మాకు వచ్చిన వాటిలో ఒకటి ఫోనుతో తీసిన కాగితం ఫొటో, ఒక పక్కకు ఒరిగి, కింది వరుస నీడలో ఉంది. చేరిందనడానికి చేరింది, కంప్యూటరుకు మాత్రం అందులో ఏముందో తెలియదు. మొదలుపెట్టిన కొత్తలో దీన్ని క్షమించవచ్చు గానీ, ఇలాగే ఉండిపోతే మాత్రం ఊరుకోకూడదు.

ఇంట్లో దీర్ఘకాలిక జబ్బుతో ఉన్న పెద్దవారు, రెండు ఊళ్లలో వైద్యం చేయించుకునేవారు ఆభా తప్పక తీసుకోవలసిందే. ప్రతి ల్యాబులోనూ ఒకే పేరు, ఒకే ఫోను నంబరు రాయించండి. డాక్టరు దగ్గరికి బయలుదేరే ముందు రోజు యాప్‌లో రిపోర్టులు ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని, వాటిలో చివరిదాని తేదీ కాగితం మీద రాసుకుని వెళ్లి, డాక్టరు తెర మీదా అదే తేదీ ఉందో లేదో అడగండి. ఇటీవలి రక్తపరీక్షల కాగితాలను ఇప్పట్లో ఇంట్లో వదిలి వెళ్లకండి. సీటీ, ఎంఆర్ఐ చేయించుకున్నవారు ఫిల్ములు గానీ సీడీ గానీ కూడా వెంట తీసుకెళ్లాలి. మాకు ఆభా ద్వారా వచ్చింది రేడియాలజిస్టు రాసిన రిపోర్టే, చిత్రాలు రాలేదు.