900కె బస్సు రివ్యూ: భీమిలి తీరం కాలినడకన చూడాలనుకునేవాళ్ల కోసం

వైజాగ్‌లో ట్రెక్కింగ్ అనగానే అందరి నోటా అరకు, లంబసింగి వస్తాయి. దానికి కారు మాట్లాడుకోవాలి, తెల్లవారుజామున మూడింటికి లేవాలి, పదిమందిని కూడగట్టాలి, ఆ పదిమందిలో నలుగురు ముందురోజు రాత్రి రాలేమంటారు, ప్రోగ్రాం వచ్చే నెలకి పోతుంది. ఈలోపు ఊరికి ఆనుకునే ఉన్న కొండల వైపు, తీరం వైపు ఎవరూ చూడరు. అక్కడికి సిటీ బస్సే వెళ్తుంది. రైల్వే స్టేషన్‌లో బయల్దేరి ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండ్) మీదుగా బీచ్ రోడ్డెక్కి భీమిలి పోయే 900కె గురించి ఈ రివ్యూ. సీట్లు, టైమింగ్‌ల సంగతి కూడా చెప్తాను గానీ నేను చూసింది ముఖ్యంగా నడిచేవాళ్లకు ఇది ఎంత పనికొస్తుందనే. నా లెక్కలో సొంత బండి కంటే ఎక్కువే పనికొస్తుంది.

ఎందుకంటే బండి మీద వెళ్తే ఎక్కడ స్టాండు వేశామో మళ్లీ అక్కడికే రావాలి. ఎంత బాగున్నా రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి వెనక్కి తిరగాలన్న ధ్యాస మొదలవుతుంది. బస్సులో ఆ గొడవే లేదు, ఒక స్టాపులో దిగి ఓపిక ఉన్నంత దూరం నడిచి ఇంకో స్టాపులో ఎక్కేయడమే. రోడ్డు చాలా దూరం సముద్రం పక్కనే పోతుంది కాబట్టి ఎండ ముదిరినా, వెంట వచ్చిన పిల్లలు మారాం చేసినా ఇసుకలోంచి పైకొచ్చి చెయ్యెత్తితే చాలు. ఇంత చిన్న సౌకర్యం మొత్తం నడక తీరునే మార్చేస్తుంది, వెళ్తే గానీ తెలియదు.

ముందు బస్సు సంగతి. భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ని బట్టి గంటో, ఇంకాస్త ఎక్కువో. అప్పూఘర్ వరకు మామూలు సిటీ ప్రయాణమే. అది దాటాక ఎడమ చేతి వైపు కైలాసగిరి కొండ, కుడి చేతి వైపు సముద్రం. కాబట్టి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, ఈ ఒక్క సలహా అయినా గుర్తుపెట్టుకోండి. తెన్నేటి పార్కు దగ్గర కిందికి చూస్తే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కున్న రాళ్లు కనిపిస్తాయి, పక్క సీటులో ఎవరో ఒకరు ఆ కథ చెప్పకుండా ఉండరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తారు. మా వీధిలో మోకాళ్ల నొప్పులని గుమ్మం దిగని పెద్దమ్మ ఒకావిడ ఇప్పుడు ఆదివారం పొద్దున్నే తోటికోడలిని తీసుకుని రుషికొండ వెళ్లి, తడి ఇసుకలో కాసేపు నడిచి, టిఫిన్ వేళకి ఇంటికొచ్చేస్తున్నారు. ఈ రూట్ గురించి నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆదివారం సాయంత్రం మాత్రం నిలబడే చోటు కూడా కష్టమే, ముసలివాళ్లతో ఆ పూట పెట్టుకోవద్దు.

ఎక్కడ దిగాలి అంటే, నా మొదటి ఓటు తొట్లకొండకే. కండక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి, మంగమారిపేట దగ్గర కొండ దారి మొదట్లో దింపుతారు. అక్కడి నుంచి ఎడమవైపు ఘాట్ రోడ్డు, తాపీగా నడిస్తే ముప్పావు గంట పట్టొచ్చు. ఆటోవాళ్లు వస్తారు, మొన్న ఒకాయన పైకి వెళ్లి రావడానికి చెప్పిన రేటుకి ఇంట్లో నలుగురం భోంచేయొచ్చు. మీరు మాత్రం నడవండి. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు, అంతే, కానీ ప్రతి మలుపులోనూ నీళ్లు ఇంకాస్త ఎక్కువ కనిపిస్తూ ఉంటాయి. పైన ఉన్నది దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. నౌకాదళం స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి, ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే ఈ తీరానికి ఏ దేశాల సరుకు వచ్చి దిగేదో ఊహించుకోవచ్చు.

పైకెళ్లినవాళ్లు చాలామంది మహాస్తూపం ముందు ఫోటో దిగి వెనక్కి వచ్చేస్తారు. తొందరపడకుండా భిక్షువులు ఉన్న గదుల వరసల్లోకి వెళ్లండి. ఇప్పుడు మిగిలింది మోకాలెత్తు ఇటుక, రాతి గోడలే గానీ, ఒక గదిలో నిలబడి రెండు చేతులూ చాపి చూస్తే ఒక మనిషికి ఎంత చోటు సరిపెట్టారో ఒంటికి తెలుస్తుంది. కాస్త అవతల బండలోకే తొలిచిన నీటి తొట్లు ఉంటాయి, వాన పడ్డాక వాటిలో నీళ్లు నిలిచి ఆకాశం రంగు తేలుతుంది. గట్టు మీద కూర్చుని కిందికి చూస్తే చేపల పడవలు చీమల్లా కదులుతుంటాయి. వాననీటిని ఒడిసిపట్టి ఇంతమంది కొండ మీద బతికారు, మనకి ఇప్పుడు పైకి వెళ్లేటప్పుడు సీసా లేకపోతే గడవదు. మంచినీళ్లు కిందే కొనుక్కోండి, ఖాళీ సీసా మళ్లీ సంచిలోనే పెట్టుకుని దిగండి. ఆ గదుల మూలల్లో చిప్స్ ప్యాకెట్లు చూస్తే కడుపు మండిపోతుంది.

కొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట తీరం, అక్కడ అలలు కొట్టి కొట్టి తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. దీనికి టైమ్ చూసుకుని వెళ్లాలి. పోటు మీద ఉంటే దూరం నుంచి దండం పెట్టుకోవడమే, ఆటు సమయంలో అయితే దాని దాకా నడిచి వెళ్లొచ్చు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు, పున్నమికి, అమావాస్యకి నీళ్లు మామూలు కంటే ఎక్కువ వెనక్కి తీస్తాయి. ఫోన్‌లో చూసుకోవచ్చు గానీ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే "బాబూ, నీళ్లు ఎప్పుడు తగ్గుతాయి?" అని అడగండి, గడియారం చూడకుండా చెప్తారు. నీళ్లు తీసినప్పుడు రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి, ఒక గుంట పక్కన కదలకుండా గొంతుక్కూర్చుంటే చాలు, ముందు ఏమీ ఉండదు, తర్వాత రాయి రంగులోనే ఉన్న పీత ఒకటి పక్కకి జరుగుతుంది, ఆ వెంటనే నాలుగైదు. పిల్లల్ని ఇక్కడి నుంచి కదిలించడం కష్టం. చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. తోరణం మీదికి ఎక్కొద్దు, ఎవరైనా ఎక్కుతుంటే మొహమాటపడకుండా చెప్పండి. తొలిచిన రాయి ఎప్పుడో ఒకప్పుడు కూలేదే, మన కాళ్ల బరువుతో దాన్ని తొందరపెట్టకూడదు.

ఇక్కడి నుంచి భీమిలి దాకా ఇసుకలోనే నడుచుకుంటూ పోదామని అనిపిస్తుంది. కుదరదు. మధ్యలో ఐఎన్ఎస్ కళింగ ఉంది, నౌకాదళం స్థలం, అటువైపు వెళ్లకూడదు, ఫోటోలు తీయకూడదు. ఆ ముక్క బస్సులో దాటేసి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి.

దిబ్బల గురించి వినడం వేరు, లోపలికి నడవడం వేరు. గత మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఇక్కడికి తెచ్చి పోసింది, వేల ఏళ్లలో ఇనుము ఆక్సైడ్ రేణువులకి పూతలా పట్టి ఎర్రబారింది, వానలు, గెడ్డలు (వాగులు) దాన్ని కోసుకుంటూ పోయాయి. 2014లో జాతీయ భూవారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి, మన తెలుగునాట పేరున్నవి ఇవే. అడుగున గెడ్డ దారిలో నడిస్తే రెండు వైపులా ఎర్రగోడలు లేస్తాయి, కొన్నిచోట్ల 30 మీటర్ల దాకా. రోడ్డు చప్పుడు ఆగిపోతుంది. గోడ దగ్గరగా వెళ్లి చూస్తే వాననీటి చారలు వేలితో గీసినట్టు కిందికి దిగి ఉంటాయి, మట్టి కొట్టుకుపోయిన చోట తాటిచెట్టు వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. పొద్దున్న ఏడులోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు చూడండి, మిట్టమధ్యాహ్నం అయితే రంగూ కనపడదు, మాడు పగులుతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పాయలన్నీ ఒకేలా ఉంటాయి, లోపలికి వెళ్లేటప్పుడే ఏదో ఒక చెట్టునో గుట్టనో గురుతు పెట్టుకోండి. వాన పడుతుంటే దిగొద్దు, అంచులు ఊరికే విరిగిపడతాయి. గోడలెక్కి జారడం సరదాగానే ఉంటుంది, కానీ అది గట్టి రాయి కాదు, ఇసుక, ఒక్కసారి జారితే గాలి వేల ఏళ్లు పేర్చింది ఒక్క నిమిషంలో కిందికొస్తుంది. 2024లో ఇళ్ల స్థలాల కోసం ఈ దిబ్బల దగ్గర యంత్రాలతో తవ్వితే ఊరంతా గగ్గోలు పెట్టింది, పెట్టాల్సిందే. అయితే తవ్వేవాళ్ల మీద కోప్పడే మనం బూట్లతో గోడలు తొక్కుతూ రీల్స్ తీసుకోవడం న్యాయం కాదు. గెడ్డ అడుగునే నడవండి, అక్కడ చూడాల్సింది కావలసినంత ఉంది.

కైలాసగిరి మెట్లదారి గురించి పెద్దగా చెప్పను, పైన పార్కు, రోప్‌వే, జనం, ఉదయం వ్యాయామానికి బాగుంటుంది. రుషికొండ కూడా అంతే. శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

దిబ్బల నుంచి భీమిలి నాలుగైదు కిలోమీటర్లు, రోడ్డు పక్కన సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు. నీడ ఉన్నంత మేర నడవండి, లేనిచోట బస్సెక్కేయండి. భీమిలిలో ఎక్కువమంది బీచ్ దగ్గరే ఆగిపోతారు, నేనైతే ముందు డచ్చివాళ్ల సమాధులకి వెళ్తాను. పిరమిడ్‌లా నిటారుగా కట్టినవి ఉంటాయి, ఎక్కడో చల్లటి దేశంలో పుట్టి ఇక్కడి ఉక్కపోతలో పోయినవాళ్లు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, పాత వీధుల్లో ఆ దర్జా ఇంకా కొంచెం కనిపిస్తుంది. కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే పావురాళ్లకొండ ఎక్కండి, నరసింహస్వామి గుడి, ఇంకా పైన బౌద్ధ శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. అక్కడి నుంచి గోస్తని నది సముద్రంలో కలిసేచోటు కనిపిస్తుంది, ఇసుక మేటకి ఒకవైపు నది రంగు, ఇంకోవైపు సముద్రం రంగు. కిందికొచ్చాక బీచ్ దగ్గర చేపల వేపుడో, మరమరాలతో చేసే మురీ మిక్స్చరో, వేసవి అయితే తాటి ముంజలో తినండి.

ఈ రూట్‌లో నాకు లోటుగా అనిపించేవి రెండు. నడక దారుల మొదట్లో ఎంత దూరం, ఎంత సేపు అని చెప్పే బోర్డు తెలుగులో ఉండాలి, తోరణం దగ్గరైతే ఆటుపోట్ల వేళలు కూడా రాసి పెట్టాలి, దానివల్ల ప్రాణాలు నిలబడతాయి. రెండోది మరుగుదొడ్లు. ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది సరే, దిగినచోట ఆ సౌకర్యం లేకపోతే నీళ్లు తాగకుండా నడుస్తారు, ఎండలో అది మంచిది కాదు.

పిల్లలున్నవాళ్లు తొట్లకొండ, తోరణం ఒక పూట పెట్టుకుని దిబ్బలు ఇంకో ఆదివారానికి ఉంచుకోండి. ఈ తీరంలో ఎక్కడా లోతుకి వెళ్లి స్నానం చేయొద్దు, అలల లాగుడు పైకి కనిపించదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలంతా తిరగొచ్చు, మార్చి దాటాక పొద్దున్నే వెళ్లి తొమ్మిదికల్లా బస్సెక్కేయాలి. తిరిగొచ్చేటప్పుడు భీమిలిలోనే ఎక్కితే సీటు దొరుకుతుంది, అప్పుడు సముద్రం ఎడమవైపు. చీకటి పడ్డాక బస్సుల మధ్య ఎడం పెరుగుతుంది, 900కె కోసం మరీ ఎదురు చూడాల్సి వస్తే 999 ఎక్కండి. అది మధురవాడ మీదుగా హైవే పట్టుకుని కాంప్లెక్స్‌కే వస్తుంది.