అరకు ఘాట్‌లో తేలిన సైకిల్ లెక్క

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా రోడ్డు దాదాపు చదునే కాబట్టి నా చవక ఎంటీబీ (కొండదారుల సైకిల్) హాయిగానే లాగింది. దాన్ని బాగు చేయించుకోవాలా, ఇంకోటి కొనాలా అని చాన్నాళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను. అసలు పరీక్ష ఘాట్ ఎక్కుడు మొదలయ్యాకే.

నా బండికి చైన్ తిరిగే పళ్ల చక్రాల్లో ముందు చిన్నది 24 పళ్లు, వెనక పెద్దది 28. ముందు పళ్లు తక్కువ, వెనక ఎక్కువ ఉంటే ఎక్కుడు తేలిక. తైడ దాటాక మలుపుల్లో ఈ గేరు సరిపోలేదు, మోకాళ్లు పట్టేశాయి. తోడు వచ్చిన మిత్రుడి బండికి ముందు 22, వెనక 36. అనంతగిరి దగ్గర కాసేపు బళ్లు మార్చుకున్నాం. అతని సైకిల్ మీద కూర్చునే తొక్కుకుంటూ, మాట్లాడుకుంటూ ఎక్కాను. నాదాని ముందు షాకర్ తొక్కిన ప్రతిసారీ కిందికి దిగుతుంది, లాక్ చేసే వీలు లేదు. మనం పెట్టిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది.

బసల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సైకిల్ మీద వచ్చేవాళ్లు ఒక్కరోజులో అరకు చేరాలని పంతం పట్టకండి. తైడలో గానీ అనంతగిరిలో గానీ టూరిజం వాళ్ల హరిత కాటేజీల్లో రాత్రి ఆగితే ఎక్కుడు రెండు ముక్కలవుతుంది, మర్నాడు గాలికొండ వ్యూపాయింట్ పొగమంచులో దొరుకుతుంది. అరకులో మేం దిగిన ఒక ప్రైవేటు లాడ్జిలో సైకిళ్లు గదిలోకి రానివ్వలేదు, వేడినీళ్లు తెల్లారాక గానీ రాలేదు. ఈ రెండూ బుక్ చేసే ముందే ఫోన్‌లో అడగండి. భోజనానికి మాత్రం ఢోకా లేదు, దారి పొడవునా బొంగు చికెన్ దొరుకుతుంది.

తిరుగు ప్రయాణంలో దిగుడు నాకు నిజంగా భయం పుట్టించింది. నా డిస్క్ బ్రేకులు కేబుల్‌వి. లివర్ నొక్కితే ఒక వైపు ప్యాడ్ మాత్రమే కదిలి, డిస్కును రెండో ప్యాడ్ మీదికి వంచుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది. రోడ్డు పక్కన ఆగి, అలెన్ కీతో లోపలి ప్యాడ్‌ను డిస్కు దగ్గరికి జరుపుకుని మళ్లీ బయల్దేరాను. వెనక చక్రం కూడా ఊగుతోంది.

ఎస్. కోటలో (శృంగవరపుకోటలో) మెకానిక్ వెనక చక్రం విప్పి, ఇరుసును బల్ల మీద దొర్లించి చూపించాడు. వంగిపోయింది. "బాబూ, ఇరుసు మారుస్తాను గానీ ఈ హబ్బుతో మళ్లీ వంగుతాది" అన్నాడు. హబ్బంటే ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగం. నాది ఫ్రీవీల్ హబ్బు, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి (ఫ్రీవీల్) దానికి మరలా బిగుస్తుంది. ఇందులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, ఆ చివర ఇరుసుకు ఆసరా తక్కువ. క్యాసెట్ అనే మరో రకం పళ్ల గుత్తి పట్టే హబ్బులో బేరింగు చివరికంటా ఉంటుంది. అది వేయించాలంటే చక్రం మళ్లీ అల్లాలి. ఎక్కువ గేర్ల క్యాసెట్ పెడితే షిఫ్టరు (గేరు మార్చే మీట), చైనూ మార్చాలి, డీరేలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) సంగతి కూడా చూసుకోవాలి. పైగా షాకర్ ఒకటి. ఇన్ని కలిపితే బండి కొన్న ధర దాటిపోతుంది. ఇంతా చేసి ఆ బరువు స్టీల్ ఫ్రేమ్ మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని పాతదానికి కొత్త ఇరుసు, మంచి ప్యాడ్లు, కేబుళ్లు, ఒక 14-34 ఫ్రీవీల్ (చిన్న చక్రం 14 పళ్లు, పెద్దది 34) వేయిస్తున్నాను. డీరేలర్ 34 పళ్ల దాకా పనిచేసే రకమైతే ఎక్కుడుకి అది బాగా పనికొస్తుంది, ఖర్చూ తక్కువ. టైర్ల జోలికి పోను, ఇంకా బాగున్నాయి. ఊళ్లో తిరగడానికి, రైతు బజారుకి ఆ బండి చాలు. ఘాట్ కోసం మాత్రం హైడ్రాలిక్ బ్రేకులు (కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేవి), క్యాసెట్ హబ్బు, లాక్ అయ్యే షాకర్ ఉన్న సెకండ్ హ్యాండ్ బండి వెతుకుతున్నాను. నచ్చినదాన్ని డబ్బు కట్టే ముందు కైలాసగిరి ఎక్కించి చూస్తాను.