నా శ్రుతి ఒకటి అని నలభై ఆరో ఏట తెలిసింది

విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో ఒక మేడ మీద సంగీతం చెప్పే టీచర్ గారి గురించి రాస్తున్నాను. ఎనిమిది నెలల నుంచి వెళ్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆ వీధిలో 'మేడ మీద పాటల టీచర్ గారు' అంటే ఎవరైనా చూపిస్తారు.

నేను హైస్కూల్లో తెలుగు మాస్టారిని. రోజుకి ఐదు పీరియడ్లు, ఒక్కో గదిలో యాభై మంది. పద్యం రాగం తీసి పాడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఊరికే చదివితే సగంమంది కిటికీలోంచి బయటికి చూస్తారు. అందుకని పాట నేర్చుకుందామనుకున్నాను. స్టేజీ ఎక్కాలని కాదు.

మొదట వేరే చోట చేరాను. అక్కడ పదిహేడు మందిమి, ఏడేళ్ల పాప దగ్గర్నుంచి నా దాకా. పాటకి ఆధారంగా మోగే శ్రుతి బాక్స్ అందరికీ కలిపి ఒకటే, ఐదు శ్రుతిలో. శ్రుతి అంటే పాటలో 'స' ఏ ఎత్తున మొదలవుతుందో అది, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఐదు ఆడవాళ్లకీ పిల్లలకీ నప్పుతుంది. మగవాళ్లలో ఎక్కువమందికి ఒకటి, ఒకటిన్నర, కొందరికి రెండు. ఐదులో పై షడ్జం, అంటే పై 'స', అందుకోవాలంటే నాలాంటివాడికి మెడ నరాలు ఉబ్బిపోతాయి. 'గట్టిగా, గొంతు విప్పి పాడండి' అనేవారు అక్కడి మాస్టారు. విప్పడమంటే అరవడమే అనుకుని మూడు నెలలు అరిచాను. ఒకరోజు పిల్లలందరి ముందూ 'మీ గొంతు పాటకి పనికిరాదండీ, వయసైపోయింది' అన్నారాయన. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పలేకపోయాను.

ఆ వారంలోనే గొంతు పోయింది. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రులు వాచాయి, ఇలాగే అరిస్తే వాటి మీద కాయలు కాస్తాయి అన్నారు. పది రోజులు మాట వద్దు, గుసగుస కూడా వద్దు అన్నారు. ఆ పది రోజులూ పాఠాలన్నీ బోర్డు మీద రాశాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నా బదులు పద్యం చదివేది. నేను పక్కన నిలబడి, ఎక్కడ విరవాలో చేత్తో చూపించేవాణ్ణి.

మా ఊరికి సంగీతం కొత్త కాదు. 1919లో గజపతుల చేతి మీదుగా మొదలైన సంగీత కళాశాల ఇక్కడుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. ఈ ఊళ్లో ఉండి ఒకాయన అన్న మాటకి పాట మానేస్తారా అని మా హెడ్మాస్టరు గారే నన్ను ఈ టీచర్ గారి దగ్గరికి పంపారు. ఆవిడ ఆ కళాశాలలోనే డిప్లొమా చేశారట.

మొదటి రోజు నన్ను అసలు పాడనివ్వలేదు. 'మీ స్కూలు సంగతులు చెప్పండి మాస్టారూ' అన్నారు. చెప్తూ ఉంటే ఆవిడ హార్మోనియం మెట్లు ఒక్కొక్కటీ మెల్లగా నొక్కుతూ వింటున్నారు. పది నిమిషాలయ్యాక, 'మీరు మామూలుగా మాట్లాడే గొంతు ఇక్కడుంది. పాట కూడా ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి. మీది ఒకటి శ్రుతి. కొన్నాళ్లు పోయాక ఒకటిన్నర చూద్దాం' అన్నారు. నలభై ఆరేళ్లుగా నా మెడలో ఉన్న గొంతు ఎక్కడుందో ఒకరు చెప్పడం అదే మొదటిసారి.

రెండో వారం జరిగింది నేను మర్చిపోలేను. షడ్జం కుదిరింది గానీ పంచమం, అంటే 'ప', ప్రతిసారీ కొంచెం కిందే పడుతోంది. పాత చోట అయితే 'శ్రుతి తప్పింది, మళ్లీ' అనేవారు. ఎటు తప్పిందో, ఎంత తప్పిందో చెప్పేవారు కాదు. ఈవిడ శ్రుతి బాక్స్ కట్టేశారు. 'మీ పంచమం, నా షడ్జం ఒకే మెట్టు మీద ఉంటాయి. మీకు ఎలా వస్తే అలా పాడండి, నేనే మీ దగ్గరికొస్తాను' అన్నారు. నేను 'పా' పట్టాను, తప్పుగానే. ఆవిడ ఆ తప్పు స్వరాన్నే పట్టారు. రెండు గొంతులూ ఒకటే అయిపోయాయి. 'ఇదీ కలవడమంటే. గుర్తు పెట్టుకోండి' అని, తన గొంతుని వెంట్రుకవాసి పైకి జరిపారు. వెంటనే రెండు గొంతుల మధ్య ఒక వణుకు మొదలైంది, తిరిగే ఫ్యాను ముందు నోరు పెట్టి మాట్లాడితే వచ్చినట్టు. 'అది ఆగేదాకా నెమ్మదిగా పైకి రండి' అని సైగ చేశారు. జరిగాను. వణుకు నిదానించింది, ఇంకా నిదానించింది, ఆగిపోయింది. ఆవిడ మళ్లీ జరిగారు. అలా నాలుగైదు సార్లు జరిగాక శ్రుతి బాక్స్ పెడితే, నేను సరిగ్గా పంచమం మీద కూర్చుని ఉన్నాను. కళ్లు చెమర్చాయి. ఆవిడ చూడనట్టే పుస్తకం పేజీ తిప్పారు.

నేనూ మాస్టారినే. పిల్లవాడు తప్పు చదివితే 'తప్పు' అని ఊరుకోవడం ఎంత సులువో నాకు తెలుసు. ఆ తప్పు దగ్గరికి మనమే వెళ్లి, వేలు పట్టుకుని ఒప్పు దాకా తీసుకురావడానికి ఓపిక కావాలి. చెవి కూడా కావాలి.

అందరూ మొట్టమొదట నేర్చుకునే సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు మొదలుపెడతారో కూడా ఇక్కడే తెలిసింది. సరిగమ ఏ దూరాల్లో నడుస్తుందో పదనిస కూడా అచ్చం అవే దూరాల్లో నడుస్తుంది. కింద సగం వస్తే పై సగానికి దారి దొరికినట్టే. పాత చోట ఇది ఎవరూ చెప్పలేదు. అక్కడ సరళీల తర్వాత వచ్చే జంట స్వరాలు కూడా పూర్తికాని పిల్లల చేత పోటీల కోసం ఒక కీర్తన బట్టీ పట్టించేవాళ్లు. ఇక్కడ మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, నిలబడితే గానీ దానికి రెట్టింపు వేగమైన రెండో కాలం లేదు.

ఇంకోటి చెప్పాలి. నేను స్కూలు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు స్వరాలు పెట్టరు. స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసి, కొబ్బరి బొండాం స్ట్రా ఒకటి ఇస్తారు. స్ట్రా కొసని నీళ్లలో రెండు వేళ్ల లోతు ముంచి, 'ఊ' అంటూ బుడగలు తెప్పించాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి. భుజాలు లేవకూడదు, పక్కటెముకలు విచ్చుకోవాలి. ఐదు నిమిషాలు చేస్తే గొంతు మీద బరువు దిగిపోతుంది. స్కూల్లో కూడా చేస్తున్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో ఒక మూల కూర్చుని.

ఆదివారం పిల్లల బ్యాచ్‌లో పదమూడేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. మొన్నటిదాకా పిట్టలా పాడేవాడు. ఈమధ్య గొంతు రెండుగా చీలుతోంది. వాళ్లమ్మ ఏడుపుమొహంతో వచ్చి 'మా గుంటడి గొంతు పాడైపోయిందండీ, ఏటి చెయ్యాలి' అంది. టీచర్ గారు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. 'పాడవలేదమ్మా, పెద్దవాడవుతున్నాడు' అన్నారు. వాడి పై స్థాయి పాటలన్నీ ఆపించి, నాలుగైదు స్వరాల మధ్యే నెమ్మదిగా పాడిస్తున్నారు. తాళం బాధ్యత వాడికి అప్పజెప్పారు. వాడు మానలేదు. ఆ వయసులో బలవంతంగా పాత శ్రుతిలోనే పాడిస్తే మగపిల్లలు పాటకే దూరమైపోతారు.

ఇబ్బందులు కూడా రాస్తాను. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఆవిడ కచేరీలకి వెళ్తే మూడు క్లాసులు పోయాయి, వాటికి బదులు రెండే చెప్పారు. మెట్లు చాలా ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. వీటికంటే నాకు బాధ కలిగించేది ఒకటుంది. పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చెయ్యనివ్వరు. 'చెవి సోమరి అయిపోతుంది' అంటారు. నేను ఒప్పుకోను. క్లాసుకీ క్లాసుకీ మధ్య మూడు రోజులుంటాయి. ఇంట్లో తప్పు సాధన చేస్తే ఆ మూడు రోజులూ ఆ తప్పే గట్టిపడుతుంది. ఈ విషయం ఆవిడతో రెండుసార్లు చెప్పాను. ఇంకోసారి చెప్తాను.

ఫీజు నెలకి 1,200, ఎనిమిది క్లాసులు, ఒక్కోటి నలభై నిమిషాలు. పెద్దవాళ్లని ఇద్దరిద్దరిగానే తీసుకుంటారు. చేరాలనుకునేవాళ్లు సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, అప్పటికి పిల్లల బ్యాచ్ అయిపోతుంది. ముందురోజు గట్టిగా అరవకండి, జలుబుంటే తగ్గాక వెళ్లండి. మొదటి రోజే మీ శ్రుతి చూస్తారు.