షమొనీలో ఒక్క రోజే ఉంటే ఏ కొండ ఎక్కాలి?

షమొనీ వెళ్లొచ్చామని చెప్పగానే తెలిసినవాళ్లు అడిగే మొదటి మాట, "ఆ కొండ మీది గాజు పెట్టెలో నిలబడి ఫొటో దిగారా?" అని. దిగాం. ఫొటో బాగానే వచ్చింది. కానీ ఒక్క రోజు కోసం వెళ్తూ ఎవరైనా సలహా అడిగితే, నేను మాత్రం ఆ పెట్టె ఉన్న కొండ వదిలేసి దాని ఎదురు కొండ ఎక్కమంటాను.

ముందు ఊరి సంగతి. షమొనీ ఫ్రాన్స్‌లో, 1035 మీటర్ల ఎత్తున, ఆర్వ్ నది వెంట సాగిన ఇరుకు లోయలో ఉంది. ఒక పక్క ఆల్ప్స్‌లో అన్నిటికంటే ఎత్తైన మోంట్ బ్లాంక్ ఉన్న వరస. దాని వీపు వైపు ఇటలీ. ఎదురు పక్క ఎగ్వీ రూజ్, అంటే ఎర్ర సూదులు అనే వరస. లోయలోనే పైకి పోతే స్విట్జర్లాండ్ వచ్చేస్తుంది. కాబట్టి ఇక్కడ ఏది మేలు అంటే, ముందు తేల్చుకోవాల్సింది ఏ పక్క ఎక్కుతాం అన్నదే.

అందరూ ఎక్కేది ఎగ్వీ ద్యు మిదీ, ఆ గాజు పెట్టె ఉన్న శిఖరం. దానికి 1955లో కట్టిన రోప్‌వే ఉంది. ఊళ్లో ఎక్కితే 2317 మీటర్ల దగ్గర కేబిన్ మారి, ఇరవై నిమిషాల్లో 3777 మీటర్లకు చేరతాం. అక్కడి నుంచి రాతి లోపల తొలిచిన లిఫ్ట్‌లో 3842 మీటర్ల దగ్గరున్న డాబా మీదికి. రెండో అంచెలో మధ్యన ఒక్క స్తంభం కూడా లేదు, తీగ మీద నేరుగా గోడలాంటి కొండ వైపు వెళ్లిపోతాం. ఆంధ్రాలో ఎత్తైనదిగా చెప్పుకునే అర్మకొండ 1680 మీటర్లు. ఇక్కడ మధ్య స్టేషనే దాన్ని దాటేసింది.

ఆ ఇరవై నిమిషాలే అసలు చిక్కు. పైన గాలి పల్చన. సముద్ర మట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులు కూడా అందదు. శరీరం సర్దుకునే వ్యవధి ఉండదు. మా అమ్మ డాబా మెట్లు పది ఎక్కిందో లేదో, కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. "తల తిరుగుతోందిరా, మీరు చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంది. జూలై నెల, కింద ఊళ్లో చెమటలు. పైన చలికి ఆవిడ శాలువా చెవుల దాకా లాక్కుంది. నాన్నేమో నెమ్మదిగా అన్నీ తిరిగి చూశాడు. గాజు పెట్టెలోకి మాత్రం రానన్నాడు. 2013 చివర్లో పెట్టిన ఆ పెట్టెలోకి మెత్తటి చెప్పులు తొడిగి పంపిస్తారు, కాళ్ల కింద దాదాపు వెయ్యి మీటర్ల ఖాళీ. నేను వెళ్లాను. నిజం చెప్పాలంటే నిమిషం నిలబడ్డానేమో.

మరి దృశ్యం? దూరం చూపుకి దీన్ని మించింది లేదు. ఆకాశం తేటగా ఉంటే స్విట్జర్లాండ్ వైపు మాటర్‌హార్న్ శిఖరం కూడా కనిపిస్తుంది. కానీ మనం చూడాలని వచ్చిన మోంట్ బ్లాంక్ ఇక్కడ్నుంచి గుండ్రటి తెల్ల దిబ్బలా ఉంటుంది. అది మనకంటే ఇంకో వెయ్యి మీటర్ల దాకా ఎత్తున ఉన్నా, ఆ ఎత్తు కంటికి ఆనదు. దూరపు కొండలు నునుపు అంటాం కదా, ఇక్కడ సామెత తలకిందులైంది. దగ్గరికి పోతే నునుపు. దాని అంచులు, పగుళ్లు, వేలాడే మంచు నదులు చూడాలంటే దూరం జరగాలి.

జరగడమంటే లోయ దాటి ఎర్ర సూదుల వైపు ఎక్కడం. అటు రెండు దారులున్నాయి. ఊళ్లోంచి ప్లాన్‌ప్రాజ్ అనే మధ్య స్టేషన్ మీదుగా 2525 మీటర్ల బ్రేవాన్‌కి తీగ బండిలోనే పోవచ్చు, నడక అక్కర్లేదు. పారాగ్లైడింగ్ చేసేవాళ్లు ప్లాన్‌ప్రాజ్ దగ్గరే ఎగురుతారు. ఆ సరదా ఉంటే ఇదే చోటు. రెండోది, నాకు నచ్చింది, లె ప్రాజ్ అనే పక్క ఊరి నుంచి ఫ్లెజేర్‌కి (1877 మీటర్లు) ఎక్కి, అక్కడి నుంచి లాక్ బ్లాంక్ అనే చెరువుకి నడవడం. చెరువు 2352 మీటర్ల దగ్గర ఉంది. ఎక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. ఫ్లెజేర్ దగ్గరే ఇంకో లిఫ్ట్ పట్టుకుని ఇండెక్స్ అనే పై స్టేషన్ దాకా పోతే ఎక్కుడు చాలావరకు తప్పుతుంది, కానీ దారి పొడుగునా బండరాళ్లు. జూలై మొదట్లో కూడా కొన్నిచోట్ల మంచు మిగిలి ఉంటుంది కాబట్టి స్పోర్ట్స్ షూస్ చాల్లే అనుకోవద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

మర్నాడు అమ్మని ఊళ్లో వదిలి నాన్నా నేనూ వెళ్లింది దీనికే. ఆయనకి మోకాళ్ల నొప్పి. రెండున్నర గంటలు పట్టింది, దారిలో మూడుసార్లు కూర్చున్నాం. చెరువు గట్టున రాయి మీద పులిహోర డబ్బా తెరిచాక, ఆయన చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ఎదురుగా మొత్తం వరస పరిచినట్టు ఉంది: ఎడమన ఎగ్వీ వెర్ట్ శిఖరం, మధ్యన మెర్ ద గ్లాస్ మంచు నది, కుడి చివర మోంట్ బ్లాంక్. నిన్న మేం నిలబడ్డ ఎగ్వీ ద్యు మిదీ సూది మొనలా కనిపిస్తోంది. "నిన్న ఆ మొన మీదున్నామా?" అని నాన్న రెండుసార్లు అడిగాడు.

ఇక్కడొక తిరకాసు ఉంది. ఆ వరస వాయవ్యానికి మొహం పెట్టింది కాబట్టి పొద్దున సూర్యుడు దాని వెనకే ఉంటాడు. వెలుగు మొహం మీద పడేది మధ్యాహ్నం తర్వాత. మధ్యాహ్నానికేమో వేసవిలో మబ్బులు కమ్ముతాయి, ఒక్కోసారి ఉరుములు. చెరువులో ప్రతిబింబం కావాలంటే గాలి లేని పొద్దుట రావాలి. మూడూ ఒకేరోజు దొరికితే అదృష్టమే. నేనైతే పొద్దున్నే బయల్దేరి పన్నెండుకల్లా చెరువు దగ్గరుంటాను, మబ్బు పట్టకపోతే ఇంకో గంట అక్కడే గడుపుతాను. చివరి లిఫ్ట్ వేళ మాత్రం ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోండి. అది తప్పితే కింద లె ప్రాజ్ దాకా నడకే, మోకాళ్లు వారం రోజులు గుర్తుచేస్తాయి.

పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవారికి మోంటెన్‌వేర్ రైలు మేలు. 1909 నుంచి నడుస్తున్న పళ్ల పట్టాల రైలు, ఇరవై నిమిషాల్లో 1913 మీటర్లకి తీసుకెళ్తుంది. ఆ ఎత్తులో ఎవరికీ పెద్దగా ఊపిరి ఇబ్బంది ఉండదు. అమ్మ ఊరు బాగా చూసింది ఈ రైల్లోనే. పైన చూసేది మెర్ ద గ్లాస్, మంచు సముద్రం. కానీ ఒకప్పటి సముద్రం. స్టేషన్ దగ్గర నిలబడి కిందికి చూస్తే ఎక్కువ భాగం బూడిద రంగు రాళ్లే. 2024లో కొత్త లిఫ్ట్ రాకముందు, మంచు నదిలో తొలిచిన గుహ వైపు వందల మెట్లు దిగుతుంటే, ఫలానా ఏడు మంచు ఇంతవరకు ఉండేదని గోడకి పలకలు కొట్టి ఉండేవి. 1990 పలక దాటాక కూడా ఇంకా చాలా దిగాల్సి వచ్చేది. నేను పుట్టాక కరిగిందంతా నా నెత్తి మీద ఉండేదన్నమాట. ఉల్లాసం కోసం వెళ్లే చోటు కాదిది, అయినా పిల్లలకి చూపించాలి.

ఇటలీ వైపు స్కైవే సంగతి క్లుప్తంగా. మోంట్ బ్లాంక్ సొరంగం (11.6 కిలోమీటర్లు, 1965లో తెరిచారు) దాటితే కూర్మాయర్ అనే ఊరు. అక్కడ 2015లో కొత్తగా కట్టిన రోప్‌వేలో గుండ్రటి కేబిన్ తిరుగుతూ 3466 మీటర్ల పుంటా హెల్‌బ్రోనర్‌కి చేరుస్తుంది. ఎగ్వీ ద్యు మిదీ కంటే సౌకర్యం ఎక్కువ, టికెట్ కాస్త తక్కువ. కాఫీ అయితే పోలికే లేదు, ఇటలీ కదా. షెంగెన్ వీసా ఒక్కటే మూడు దేశాలకీ చెల్లుతుంది, కానీ పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి. సొరంగాన్ని ఈమధ్య మరమ్మతులకని సెప్టెంబరు నుంచి వారాల తరబడి మూసేస్తున్నారు. ఆ నెలల్లో ప్లాన్ ఉంటే ముందే చూసుకోండి.

ఖర్చు మాట. ఎగ్వీ ద్యు మిదీ రానుపోను మనిషికి డెబ్బై యూరోలు దాటుతుంది, నలుగురు వెళ్తే మన నెలసరి కిరాణా ఖర్చంత. ఫ్లెజేర్, మోంటెన్‌వేర్ రెండూ దానికంటే చాలా చవక. లోయలో హోటల్లో దిగితే అతిథి కార్డు ఇస్తారు, దాంతో లోకల్ బస్సులూ, లోయలో తిరిగే రైలూ ఉచితం. అడగకపోతే కొన్నిచోట్ల ఇవ్వరు, అడగండి.

ఇన్ని చెప్పినా ఎగ్వీ ద్యు మిదీకే వెళ్తామంటే వెళ్లండి, కానీ టికెట్ వారం ముందే కొనేయకండి. పొద్దున లేచి పైన పెట్టిన వెబ్‌క్యామ్ చూసి, ఆకాశం తేటగా ఉంటేనే మొదటి కేబిన్లు పట్టుకోండి. పైన గాలి ఎక్కువైతే ఆపేస్తారు కూడా. ఆ రోజు మూసేశారంటే దిగులు పడక్కర్లేదు, లె ప్రాజ్ బస్సు దొరుకుతుంది.